సెల్లార్ గోడ ఎటు కదిలింది: ప్రిజం రీడింగులను ఆటోక్యాడ్‌లో బాణాలుగా గీయించడం

నాలుగు సెల్లార్ల కోసం తవ్వితే గుంత దాదాపు పదిహేను మీటర్ల లోతుకు పోతుంది. హైదరాబాద్ పడమటి వైపు ఇలాంటి గుంతలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. పైన కొంత మొరం, దాని కింద షీట్ రాక్. మొరం ఉన్నంత మేర నెయిల్స్ (మట్టిని పట్టి ఉంచే ఇనుప కడ్డీలు) దించి, జాలీ కట్టి, షాట్‌క్రీట్ (గాలి ఒత్తిడితో చిమ్మే కాంక్రీట్) కొడతారు. ఆ గోడ వెనకే పక్కవాళ్ల అపార్ట్‌మెంట్, దాని పక్కన రోడ్డు, రోడ్డు కింద డ్రైనేజీ లైన్ ఉంటాయి. వానాకాలం వస్తే అందరి టెన్షన్ ఆ గోడ గురించే. అందుకే గోడ మీద అక్కడక్కడా మినీ ప్రిజంలు (కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే చిన్న గాజు గుర్తులు) బిగించి, టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే సర్వే ఇన్‌స్ట్రుమెంట్) వారానికోసారి, వానలు గట్టిగా పడుతుంటే రోజూ, రీడింగులు తీస్తారు.

ఆ రీడింగులు నా దగ్గరికి సీఎస్‌వీ ఫైల్‌గా (విలువల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైల్) వస్తాయి. ఏ పాయింటు ఎటు, ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో డ్రాయింగ్‌లో చూపించడం నా పని. చాలామంది దీన్ని ఇంకా చేత్తోనే చేస్తున్నారు. పాత పాయింటుకు జూమ్ చేయడం, కొత్త పాయింటు పట్టుకోవడం, దూరం చెప్పే డిస్ట్ కమాండ్ కొట్టడం, వచ్చిన అంకెను పక్కన టెక్స్ట్‌గా రాయడం. నలభై పాయింట్లుంటే పూట గడిచిపోతుంది. పైగా పాయింట్లకు ఎత్తు కూడా ఉంటే డిస్ట్ చూపించే దూరంలో కుంగుబాటు కూడా కలిసిపోతుంది. గోడ పక్కకు ఎంత జరిగిందో, కిందికి ఎంత దిగిందో విడిగా చెప్పాల్సిన చోట రెండూ కలిపిన అంకె ఎందుకూ పనికిరాదు.

ఆటోమేట్ చేస్తే టైమ్ మిగులుతుంది, నిజమే. కానీ నేను దీన్ని పట్టుబట్టి చెప్పడానికి కారణం వేరే ఉంది. పాయింట్లన్నిటి కదలికలూ బాణాలుగా ఒకే షీట్ మీద కనిపిస్తే, కదిలింది గోడా, మన కొలతా అన్నది తేల్చుకోవచ్చు. టేబుల్‌లో నలభై వరుసల అంకెలు ఎంతసేపు చూసినా ఆ సంగతి బయటపడదు.

బేస్ రీడింగ్

తవ్వకం మొదలయ్యే ముందు, లేదా ప్రిజం బిగించిన వెంటనే, కనీసం రెండు మూడుసార్లు విడివిడిగా రీడింగులు తీయించి వాటి సగటును బేస్‌గా పెట్టుకోండి. ఒక్క రీడింగ్‌నే బేస్ చేస్తే, దానిలో ఉన్న పొరపాటు ప్రాజెక్ట్ పూర్తయ్యే దాకా ప్రతి రిపోర్టులోనూ కదలికగా కనిపిస్తుంది. బేస్ ఫైల్ ఖరారయ్యాక రీడ్-ఓన్లీ చేసి, ఒక కాపీ సైట్ ఇంజినీర్‌కు మెయిల్ చేయండి. తర్వాత ఎవరైనా "అసలు బేస్ ఇది కాదు" అంటే చూపించడానికి ఉంటుంది.

మధ్యలో జేసీబీ తగిలి ప్రిజం ఊడిపోవడం మామూలే. మళ్లీ బిగించిన ప్రిజంకు పాత పేరే ఇవ్వకండి. చివర ఒక అక్షరం చేర్చి కొత్త పేరు పెట్టండి, కొత్త బేస్ తీయించండి, పాత ప్రిజం అప్పటిదాకా చూపించిన కదలికను వేరే కాలమ్‌లో నిలువ ఉంచి దానికి కలపండి.

రిఫరెన్స్ పాయింట్లు గుంత ప్రభావం లేని చోట ఉండాలి. గుంత లోతుకు కనీసం రెండు మూడు రెట్ల దూరంలో, పాత గట్టి కట్టడాల మీద పెట్టిస్తే మేలు. వాటిలో ఒకటి రెండింటిని ఇన్‌స్ట్రుమెంట్ సెటప్‌కు వాడకుండా, చెక్ పాయింట్లుగా పక్కన పెట్టమని సర్వేయర్‌కు చెప్పండి. రీసెక్షన్‌కు (తెలిసిన పాయింట్లను చూసి ఇన్‌స్ట్రుమెంట్ స్థానం తేల్చడానికి) వాడిన పాయింట్లు లెక్కలోనే సర్దుకుపోతాయి కాబట్టి తేడా చూపించవు. వాడని పాయింటే నిజం చెబుతుంది. దీని అవసరం ఎక్కడొస్తుందో ముందుకు చూస్తారు.

ఫైల్ ఎక్సెల్‌లోకి వచ్చే దారిలో

ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. లెక్క తప్పి కాదు, ఫైల్ చెడి.

సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి. పాయింటు పేరు 3-2 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది, ఆ పేరు ఇక బేస్‌లో దొరకదు. డేటా మెనూలో ఉన్న ఇంపోర్ట్ దారిలో వెళ్లి పేరు కాలమ్‌ను టెక్స్ట్‌గా తీసుకోండి. కొత్త సైట్ అయితే పేర్లలో గీతలే లేకుండా ఉత్తరం గోడకు ఎన్01, ఎన్02 అని, తూర్పు గోడకు ఈ01 అని పెట్టుకోండి. ఎన్1, ఎన్01, ఎన్-01 మనకు ఒకటే, ఎక్సెల్‌కు మూడూ వేరు. ట్రిమ్, అప్పర్ ఫంక్షన్లు ఖాళీలను, చిన్న పెద్ద అక్షరాలను సర్దుతాయి గానీ సున్నా లేని పేరును సర్దలేవు.

రెండోది, ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత), నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత) తారుమారు కావడం. కొన్ని ఇన్‌స్ట్రుమెంట్లు ఈస్టింగ్ ముందు ఇస్తాయి, కొన్ని నార్తింగ్ ముందు. యూటీఎం (ప్రపంచమంతా వాడే మ్యాప్ గ్రిడ్) కోఆర్డినేట్లు అయితే హైదరాబాద్‌లో పట్టుకోవడం తేలిక. ఈస్టింగ్ ఆరంకెలు, నార్తింగ్ 19 లక్షల చిల్లరతో ఏడంకెలు. లోకల్ గ్రిడ్‌లో రెండూ వందల్లోనో వేలల్లోనో ఉంటాయి, చూపుకు తేడా తెలియదు. అందుకే లోకల్ గ్రిడ్ మొదలుపెట్టేటప్పుడే ఈస్టింగ్ 1000 దగ్గర, నార్తింగ్ 5000 దగ్గర వచ్చేలా పెట్టమని అడుగుతాను. అప్పుడు తారుమారైతే ఎక్సెల్‌లో ఒక్క షరతుతో దొరికిపోతుంది.

మూడోది బయటికి కనిపించదు. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు, తెర మీద ఎన్ని దశాంశాలు కనిపిస్తున్నాయో అన్నే ఫైల్‌లోకి వెళ్తాయి. కాలమ్ రెండు దశాంశాలకు ఫార్మాట్ అయి ఉంటే మిల్లీమీటర్లు అక్కడే పోయినట్టు. 8 మి.మీ. కదలిక 10 కావచ్చు, 4 మి.మీ. కదలిక సున్నా కావచ్చు. అన్ని కోఆర్డినేట్ కాలమ్‌లనూ నాలుగు దశాంశాలకు ఫార్మాట్ చేసి పెట్టండి.

లెక్క ఎక్సెల్‌లో, గీత ఆటోక్యాడ్‌లో

అంతా లిస్ప్‌లోనే (ఆటోక్యాడ్‌లో ఉండే ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్) రాయొచ్చు. నేను రాయను. లెక్క ఎక్సెల్‌లో ఉంటే సైట్ ఇంజినీర్ సెల్ మీద క్లిక్ చేసి ఫార్ములా చూసుకోగలడు, కన్సల్టెంట్ అడిగినప్పుడు అతనే జవాబు చెప్పుకోగలడు. లిస్ప్ ఫైల్‌ను అక్కడ ఎవరూ తెరవరు. కాబట్టి ఎక్సెల్ లెక్క చేసి గీయాల్సిన కోఆర్డినేట్లు ఇస్తుంది, లిస్ప్ వాటిని గీస్తుంది, అంతే.

వర్క్‌బుక్‌లో మూడు షీట్లు చాలు: బేస్, నేటి రీడింగ్, ఫలితం. ఫలితం షీట్‌లో మొదటి కాలమ్ బేస్‌లోని పేర్లే. పక్కన ఎక్స్‌లుక్‌అప్‌తో, పాత ఎక్సెల్ అయితే వీలుక్‌అప్‌తో, నేటి ఈస్టింగ్, నార్తింగ్, ఎత్తు లాక్కోండి. వీలుక్‌అప్‌లో చివరి విలువ ఫాల్స్ అని తప్పక ఇవ్వాలి, లేకపోతే పేరు దొరకనప్పుడు దగ్గరి పేరు అంకెలు తెచ్చిపెడుతుంది. ఆ వారం చదవని పాయింట్లకు ఎర్రర్ వస్తుంది. దాన్ని సున్నాగా మార్చకండి. సున్నా అంటే కదల్లేదని అర్థం, చదవలేదని కాదు. "రీడింగ్ లేదు" అని రాయించండి, డ్రాయింగ్‌లో ఆ పాయింటు దగ్గర అదే కనిపించాలి.

తర్వాత మూడు తేడాలు: నేటిది నుంచి బేస్ తీసేయడం. కానీ సైట్‌లో ఎవరికీ ఈస్టింగ్ తేడా, నార్తింగ్ తేడా అక్కర్లేదు. వాళ్లు అడిగేది ఒకటే, "గుంత వైపు ఎంత వచ్చింది?" గోడ సరిగ్గా తూర్పు పడమరలుగా ఉండటం అరుదు కాబట్టి ఒక చిన్న లెక్క చేయాలి. బేస్ షీట్‌లో ప్రతి పాయింటుకు ఇంకో కాలమ్ చేర్చి, అక్కడి నుంచి గుంత వైపు లంబంగా చూసే దిశను ఉత్తరం నుంచి గడియారం తిరిగే వైపు డిగ్రీల్లో రాయండి. ఒక గోడ మీది పాయింట్లన్నిటికీ ఒకటే అంకె. అప్పుడు,

గుంత వైపు = ఈస్టింగ్ తేడా × సైన్ + నార్తింగ్ తేడా × కొసైన్.

ఉదాహరణకు దిశ 115 డిగ్రీలు, ఈస్టింగ్ తేడా +8 మి.మీ., నార్తింగ్ తేడా −3 మి.మీ. అనుకోండి. సైన్ 0.906, కొసైన్ −0.423. మొదటి భాగం 7.25, రెండోది 1.27, మొత్తం 8.5 మి.మీ. గుంత వైపు. గోడ వెంబడి కదలిక కావాలంటే అదే లెక్క 115కు 90 కలిపి 205 డిగ్రీలతో చేయండి, −0.7 వస్తుంది. అంటే ఈ పాయింటు దాదాపు నేరుగా గుంతలోకే వచ్చింది. ఎక్సెల్ సైన్, కొసైన్ రేడియన్లు అడుగుతాయి కాబట్టి డిగ్రీలను రేడియన్స్ ఫంక్షన్‌లో పెట్టి ఇవ్వాలి.

కదలిక దిశ కూడా డిగ్రీల్లో రిపోర్టుకు కావాలంటే ఏటాన్2 ఉంది. ఎక్సెల్‌లో దానికి మొదట నార్తింగ్ తేడా, తర్వాత ఈస్టింగ్ తేడా ఇస్తే ఉత్తరం నుంచి కోణం వస్తుంది. ఆటోలిస్ప్‌లోని ఏటాన్‌కు వరుస దీనికి తలకిందులు, ఈస్టింగ్ తేడా ముందు ఇవ్వాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి కాపీ చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక బాణం పొడవు. 1:200 షీట్ మీద 5 మి.మీ. కదలికను ఉన్నదున్నట్టు గీస్తే కాగితం మీద 0.025 మి.మీ., చుక్క కూడా కాదు. కదలికను 200 రెట్లు పెంచి గీస్తే 5 మి.మీ. కాస్తా డ్రాయింగ్‌లో ఒక మీటరు అవుతుంది, కాగితం మీద మళ్లీ 5 మి.మీ. గీతగా వస్తుంది. స్కేలూ, పెంచిన రెట్లూ ఒకటే పెట్టుకుంటే ఈ సౌకర్యం ఉంది: షీట్ మీద స్కేలు పెట్టి కొలిస్తే అసలు కదలికే వస్తుంది. బాణం చివరి ఈస్టింగ్ అంటే బేస్ ఈస్టింగ్‌కు 200 రెట్ల తేడా కలపడమే. పై ఉదాహరణలో బేస్ 1500.1240, 5812.3310 అయితే చివర 1501.7240, 5811.7310. ఎన్ని రెట్లు అన్నది ఒక సెల్‌లో పెట్టి, ఆ సెల్‌నే అన్ని ఫార్ములాల్లో వాడండి. ప్రాజెక్ట్ మధ్యలో మాత్రం మార్చకండి. పోయిన వారం షీట్ పక్కన పెట్టి చూసేవాళ్లకు బాణం రెండింతలైతే గోడ రెండింతలు కదిలిందనే అనిపిస్తుంది.

ఎంత చిన్న కదలికకు బాణం గీయాలి అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 5 సెకన్ల టోటల్ స్టేషన్‌కు 100 మీటర్ల దూరంలో కోణం వల్లే 2.4 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, 1 సెకను ఇన్‌స్ట్రుమెంట్‌కు అర మిల్లీమీటరు. కదలిక రెండు రీడింగుల తేడా కాబట్టి ఆ అనిశ్చితి ఇంకో 1.4 రెట్లు పెరుగుతుంది. మన ఇన్‌స్ట్రుమెంట్, మన దూరాలు చూసి ఒక హద్దు పెట్టుకుని, దానికి తక్కువైన వాటికి బాణం బదులు చిన్న వృత్తం గీయించండి. అంకె మాత్రం పక్కన ఉంచండి, దాచకండి.

రంగు కూడా ఎక్సెల్‌లోనే తేలాలి. డిజైన్ చేసిన కన్సల్టెంట్ ఇచ్చిన హెచ్చరిక హద్దులను ఒక మూల సెల్స్‌లో పెట్టి, గుంత వైపు కదలికను వాటితో పోల్చి ఆటోక్యాడ్ రంగు నంబర్ రాయించండి: ఆకుపచ్చకు 3, ఆరెంజ్‌కు 30, ఎరుపుకు 1. పసుపు వాడకండి, తెల్ల కాగితం మీద ప్రింట్ తీస్తే కనిపించదు.

లిస్ప్ ఏం చేయాలి

ఎక్సెల్ చివరి షీట్‌ను మామూలు సీఎస్‌వీగా సేవ్ చేయండి. వరుసకు ఏడు విలువలు: పేరు, బేస్ ఈస్టింగ్, బేస్ నార్తింగ్, చివరి ఈస్టింగ్, చివరి నార్తింగ్, లేబుల్, రంగు. యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని ఉన్నదాన్ని ఎంచుకోకండి. ఎక్సెల్ దాని మొదట్లో కనిపించని గుర్తులు పెడుతుంది, మొదటి పాయింటు పేరు చెడుతుంది.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగే. ప్రోగ్రామ్ ముప్పై నలభై లైన్లకు మించదు. గెట్‌ఫైల్‌డీతో ఫైల్ ఎంచుకోనివ్వాలి. ఓపెన్‌తో తెరిచి, రీడ్-లైన్‌తో ఒక్కో వరుస చదివి, కామాల దగ్గర విడగొట్టి, అంకెలను ఏటాఫ్‌తో సంఖ్యలుగా మార్చాలి. ప్రతి వరుసకు ఒక బాణం (హద్దుకు తక్కువైతే వృత్తం, రీడింగ్ లేకపోతే ఏదీ వద్దు), ఒక టెక్స్ట్ గీయాలి. ఫైల్ మూసేయాలి. చివర ఎన్ని వరుసలు గీసిందో కమాండ్ లైన్‌లో చెప్పాలి. ఆ అంకె ఎక్సెల్‌లోని వరుసలతో సరిపోవాలి.

గీయడానికి కమాండ్ ఫంక్షన్ వాడొద్దు, ఎంట్‌మేక్ (కమాండ్ నడపకుండా నేరుగా డ్రాయింగ్‌లో గీతను సృష్టించే లిస్ప్ ఫంక్షన్) వాడండి. కమాండ్‌తో గీస్తే ఆన్‌లో ఉన్న ఆబ్జెక్ట్ స్నాప్ దగ్గరలోని గీత చివరకు లాగేస్తుంది. పాయింటు 1.6 మీటర్ల దూరంలో పడాల్సింది పక్కనున్న గోడ మూలకు అతుక్కుంటుంది, బాణం దిశే మారిపోతుంది, ఎర్రర్ మాత్రం ఏదీ రాదు. యూసీఎస్ (మనం పెట్టుకునే అక్షాలు) తిప్పి ఉన్న డ్రాయింగ్‌లో కమాండ్ ఆ తిప్పిన అక్షాలనే పట్టుకుంటుంది. ఎంట్‌మేక్‌కు ఈ రెండు బెడదలూ లేవు, అసలు కోఆర్డినేట్ల మీదే గీస్తుంది.

బాణానికి ఒకే లైట్‌వెయిట్ పాలీలైన్ చాలు. మూడు శీర్షాలు పెట్టండి: బేస్ పాయింటు, మొత్తం పొడవులో 80 శాతం దగ్గర ఒకటి, చివర ఒకటి. మొదటి ముక్కకు వెడల్పు సున్నా. రెండో ముక్కకు మొదట్లో 0.4, చివర సున్నా ఇస్తే అదే బాణం ములికి అవుతుంది. ఎంట్‌మేక్ లిస్ట్‌లో గ్రూప్ కోడ్ 8 లేయర్, 62 రంగు, 90 శీర్షాల సంఖ్య, 10 ఒక్కో శీర్షం, 40, 41 ఆ ముక్క మొదటి, చివరి వెడల్పులు. ఈ రకం పాలీలైన్‌కు 100 కోడ్‌తో రెండు సబ్‌క్లాస్ పేర్లు కూడా ఇవ్వాలి, అవి లేకపోతే ఏమీ గీయకుండా నిల్ అని ఊరుకుంటుంది. లేబుల్‌కు టెక్స్ట్ చాలు: 1 కోడ్ రాత, 10 స్థానం, 40 ఎత్తు.

లేయర్ పేరులో తేదీ ఉండాలి, సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర. అప్పుడు లేయర్ల జాబితా దానంతటదే తేదీల వరుసలో నిలబడుతుంది. లేయర్ ముందే లేకపోయినా ఎంట్‌మేక్ దాన్ని సృష్టిస్తుంది. ప్రోగ్రామ్ మొదట్లోనే ఎస్‌ఎస్‌గెట్‌తో ఆ తేదీ లేయర్ మీద పాతవి ఉంటే తుడిచేలా రాయండి. రీడింగ్ సరిదిద్ది మళ్లీ నడిపినప్పుడు పాత బాణాల మీద కొత్తవి పడకుండా ఉంటాయి.

ఆటోక్యాడ్ ఎల్‌టీ వాడేవాళ్లకు 2024 వెర్షన్ నుంచి ఆటోలిస్ప్ వచ్చింది. అంతకు ముందు ఎల్‌టీ ఉన్నవాళ్లకు స్క్రిప్ట్ ఫైల్ దారి ఉంది. ఎక్సెల్‌లో ఒక సెల్‌లో లైన్ అన్న మాట, ఖాళీ, మొదటి కోఆర్డినేట్లు, ఖాళీ, చివరి కోఆర్డినేట్లు, చివర ఇంకో ఖాళీ కలిపి, ఆ కాలమ్‌ను నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసి ఎస్‌సీఆర్ ఫైల్‌గా సేవ్ చేయాలి. స్క్రిప్ట్‌లో ప్రతి ఖాళీ ఒక ఎంటర్ నొక్కినట్టే లెక్క. చివరి ఖాళీ కోఆర్డినేట్‌ను ఇస్తుంది, లైన్ మారడం కమాండ్‌ను ముగిస్తుంది. మధ్యలో ఖాళీ వరుస ఉంటే ఎంటర్ అయి, అంతకు ముందు కమాండ్ మళ్లీ మొదలవుతుంది, అక్కడి నుంచి అన్నీ వరుస తప్పుతాయి. ఇంకొకటి, ఓస్నాప్‌కోర్డ్ అనే సెట్టింగ్ మామూలుగా 2 మీద ఉంటుంది. అంటే చేత్తో టైప్ చేసిన కోఆర్డినేట్లను స్నాప్ ముట్టుకోదు, స్క్రిప్ట్ నుంచి వచ్చిన వాటిని మాత్రం లాగుతుంది. స్క్రిప్ట్ నడిపే ముందు దాన్ని 1 చేయండి, లేదా ఎఫ్3 నొక్కి స్నాప్ ఆపేయండి.

నమ్మే ముందు

అసలు డేటా ఎక్కించే ముందు ప్రోగ్రామ్‌కు దొంగ ఫైళ్లు ఇచ్చి చూడండి. బేస్‌నే నేటి రీడింగ్‌గా ఇస్తే ఒక్క బాణమూ రాకూడదు. అన్ని ఈస్టింగులకూ 10 మి.మీ. కలిపి ఇస్తే బాణాలన్నీ కుడి వైపు, ఒకే పొడవుతో, 10 అని రావాలి. పైకి వస్తే కాలమ్‌లు తారుమారైనట్టే. ఒక పాయింటును మాత్రమే దాని గోడ దిశలో 20 మి.మీ. జరిపి ఇస్తే గుంత వైపు +20 రావాలి. మైనస్ వస్తే ఆ గోడకు రాసిన దిశ గుంత వైపు కాకుండా బయటికి చూస్తోందని అర్థం. నాలుగు గోడలకూ ఇలా విడిగా చూడాలి.

బాణాలు చదవడం

ఇప్పుడు అసలు విషయం. ఫైల్ ఎక్కింది, బాణాలు వచ్చాయి, కొన్ని ఎర్రగా ఉన్నాయి. వెంటనే సైట్‌కు ఫోన్ చేసే ముందు షీట్ మొత్తాన్ని ఒకసారి జూమ్ అవుట్ చేసి చూడండి. ఇన్‌స్ట్రుమెంట్ పెట్టిన చోటును కూడా డ్రాయింగ్‌లో గుర్తు పెట్టి ఉంచండి, చెక్ పాయింట్ల బాణాలు కూడా గీయించండి.

నాలుగు గోడల మీదా అన్ని బాణాలూ ఒకే వైపు, దాదాపు ఒకే పొడవుతో ఉంటే గోడలు కదల్లేదు. ఎదురెదురు గోడలు రెండూ ఒకే దిక్కుకు జరగడానికి కారణం ఉండదు. ఇన్‌స్ట్రుమెంట్ స్థానం కోఆర్డినేట్లు తేడా పడ్డాయి.

బాణాలన్నీ ఇన్‌స్ట్రుమెంట్ చుట్టూ తిరుగుతున్నట్టు ఉండి, దూరం పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుంటే బ్యాక్‌సైట్ (దిశ సరిపెట్టుకోవడానికి మొదట చూసే తెలిసిన పాయింటు) తేడా. 10 సెకన్ల తేడా పడితే 40 మీటర్ల దగ్గరి పాయింటు 2 మి.మీ. కదిలినట్టు, 120 మీటర్ల దగ్గరిది దాదాపు 6 మి.మీ. కదిలినట్టు కనిపిస్తుంది.

బాణాలన్నీ ఇన్‌స్ట్రుమెంట్ వైపుకో, దాని నుంచి దూరానికో ఉంటే రెండు అనుమానాలు. దగ్గరి పాయింట్లకూ దూరపు పాయింట్లకూ ఒకే పొడవైతే ప్రిజం కాన్‌స్టెంట్ (ప్రిజం రకాన్ని బట్టి దూరంలో చేసే సర్దుబాటు) మారింది. లైకా పద్ధతిలో మినీ ప్రిజంకు 17.5 మి.మీ., అంటించే రిఫ్లెక్టర్ షీట్‌కు 34.4 మి.మీ. ఇన్‌స్ట్రుమెంట్‌లో ఒకదాని బదులు ఇంకోటి ఎంచుకుంటే ప్రతి దూరమూ 17 మి.మీ. తప్పుతుంది. అదే దూరంతో పాటు పొడవు పెరుగుతుంటే స్కేల్ ఫ్యాక్టర్ (నేల దూరాన్ని గ్రిడ్ దూరంగా మార్చే గుణకం). ఇది మన దగ్గర చాలా పెద్దది. హైదరాబాద్ యూటీఎం 44వ జోన్‌లో పడమటి అంచుకు దగ్గర, మధ్యరేఖ 81 డిగ్రీలకు చాలా దూరం. ఎత్తు ప్రభావం తీసేసినా గ్రిడ్ దూరం నేల దూరం కన్నా కిలోమీటరుకు 45 సెంటీమీటర్ల దాకా ఎక్కువ. ఒక వారం స్కేల్ ఫ్యాక్టర్ ఆన్‌లో, ఇంకో వారం ఆఫ్‌లో చదివితే 200 మీటర్ల దూరంలోని పాయింటు 90 మి.మీ. జరిగినట్టు వస్తుంది. గోడ నిజంగా 90 మి.మీ. జరిగి ఉంటే ముందు పక్కింటి గోడ పగుళ్లు చెప్పేవి.

వాతావరణం కూడా కొంత చేస్తుంది. ఇన్‌స్ట్రుమెంట్‌లో ఉష్ణోగ్రత మార్చకుండా పది డిగ్రీల తేడాతో చదివితే 100 మీటర్లకు ఒక మిల్లీమీటరు. ఎండాకాలం మధ్యాహ్నం గుంతలోంచి లేచే వేడికి ప్రిజం కదులుతున్నట్టే కనిపిస్తుంది. ప్రతిసారీ పొద్దున్నే, ఒకే వేళకు తీయించడం మేలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఇన్‌స్ట్రుమెంట్‌ను గుంత గట్టు మీద పెట్టి అవతలి గోడను చదువుతాం. ఆ గోడ నిజంగా గుంతలోకి వస్తే దాని బాణాలు కూడా ఇన్‌స్ట్రుమెంట్ వైపే ఉంటాయి. ప్రిజం కాన్‌స్టెంట్ తప్పినా అంతే. రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా చెప్పేది చెక్ పాయింటే. గుంతకు దూరంగా ఉన్న ఆ పాయింటు కూడా అదే పొడవుతో ఇన్‌స్ట్రుమెంట్ వైపు వచ్చిందంటే కొలత తప్పు. చెక్ పాయింటు కదలకుండా, గోడ మీదివే వస్తే అది గోడ. అప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా ఫోన్ చేయండి.

ఈ పరీక్షను కూడా ఎక్సెల్‌కే అప్పగించవచ్చు. ప్రతి పాయింటుకు, చెక్ పాయింట్లకు కూడా, ఇన్‌స్ట్రుమెంట్ నుంచి దూరం, ఆ దిశలో కదలిక, దానికి లంబంగా కదలిక లెక్కించండి. గుంత వైపు లెక్కకు వాడిన సూత్రమే, గోడ దిశ బదులు ఇన్‌స్ట్రుమెంట్ నుంచి పాయింటుకు దిశ పెట్టాలి. తర్వాత స్లోప్, ఇంటర్‌సెప్ట్ ఫంక్షన్లు. ఇన్‌స్ట్రుమెంట్ దిశలోని కదలికను దూరంతో పోల్చినప్పుడు ఇంటర్‌సెప్ట్ 17 మి.మీ. దగ్గర వస్తే ప్రిజం రకం అడగాలి. స్లోప్ లక్షకు 45 దగ్గర వస్తే స్కేల్ ఫ్యాక్టర్ అడగాలి. లంబ కదలిక స్లోప్‌ను 206265తో గుణిస్తే బ్యాక్‌సైట్ ఎన్ని సెకన్లు తప్పిందో వస్తుంది. ఈ మూడు అంకెలనూ ఫలితం షీట్ పైన పెద్ద అక్షరాల్లో పెట్టుకోండి, బాణాలు గీయించే ముందే కనిపిస్తాయి.

కానీ ఆ అంకెలతో రీడింగులను మీరే సరిదిద్ది రిపోర్టు పంపకండి. సర్వేయర్‌కు చెప్పి మళ్లీ చదివించండి. "అన్నా, ప్రిజం సెట్టింగ్ ఒకసారి చూడవా, అన్నీ 17 మి.మీ. దగ్గరికొచ్చాయి" అంటే అతను అరగంటలో తేల్చేస్తాడు. లెక్కలో సర్దేస్తే మాత్రం నిజంగా గోడ కదిలిన వారం కూడా సర్దుబాటులో కలిసిపోయే ప్రమాదం ఉంది.

రిపోర్టు షీట్

బేస్ నుంచి మొత్తం కదలిక ఒక లేయర్ మీద, పోయిన రీడింగ్ నుంచి ఈ రీడింగ్‌కు వచ్చిన కదలిక ఇంకో లేయర్ మీద ఉండాలి. కన్సల్టెంట్ ముందు చూసేది రెండోదే. మొత్తం 12 మి.మీ. ఉండి వారానికి అర మిల్లీమీటరు పెరిగే గోడ కన్నా, మొత్తం 6 ఉండి అందులో 4 ఈ వారమే వచ్చిన గోడ ఎక్కువ ప్రమాదం. కుంగుబాటును బాణంగా గీయకుండా లేబుల్‌లో అంకెగా ఇవ్వండి. పక్క భవనాల కుంగుబాటుకైతే టోటల్ స్టేషన్ ఎత్తుల కన్నా డిజిటల్ లెవెల్ రీడింగులు నమ్మదగినవి, వాటిని ప్రత్యేకంగా అడగండి.

షీట్ మూల టేబుల్‌ను డేటా లింక్‌తో ఎక్సెల్ ఫలితం షీట్‌కు కలిపేయండి. ప్రతి వారం అప్‌డేట్ చేస్తే అంకెలు వాటంతటవే మారతాయి. బాణాలకూ టేబుల్‌కూ మూలం ఒకటే కాబట్టి రెండింట్లో వేర్వేరు అంకెలు వచ్చే అవకాశం ఉండదు. పెంచిన రెట్లు, బేస్ తేదీ, నేటి తేదీ, రీడింగ్ తీసిన వేళ, చెక్ పాయింట్ల తేడా టైటిల్ బ్లాక్ పైనే కనిపించేలా రాయండి. పీడీఎఫ్‌తో పాటు ఆ రోజు ముడి సీఎస్‌వీని కూడా పంపండి. ఎరుపు ఉన్న రోజు మాత్రం పీడీఎఫ్ అయ్యేదాకా ఆగొద్దు. రీడింగ్ సరైనదని తేలిన నిమిషంలోనే సైట్ ఇంజినీర్‌కు పాయింటు పేరు, గుంత వైపు ఎంత, ఏ లోతులో అన్న మూడూ చెప్పి, ఆ తర్వాత ప్లాట్‌కు కూర్చోండి.